సున్నం పడ్డ కన్ను, రెండు మిల్లీమీటర్ల నారు

తాంబూలంలోకీ తంబాకులోకీ వాడే తడి సున్నాన్ని చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో కట్టి అమ్ముతారు. పిల్లల చేతికి దొరికితే అదొక ఆటవస్తువు. నొక్కుతారు, పిసుకుతారు, పళ్లతో కొరుకుతారు. అది పగిలే క్షణానికి మొహం జానెడు దూరంలోనే ఉంటుంది. కంటి మంట చల్లారి, ఎరుపు తగ్గి, ఇక గండం గడిచిందనుకున్నాక కొన్ని నెలలకు నల్లగుడ్డు మీదికి రక్తనాళాలతో తెల్లటి పొర పాకుతుంది. కంట్లో పువ్వు పడిందంటారు ఊళ్లో. ఐ బ్యాంకు నుంచి కన్ను తెచ్చి వేస్తే చూపు వస్తుందని ఇంట్లోవాళ్లు ఆశపడతారు.

దాత కార్నియాను, అంటే నల్లగుడ్డును కప్పే పారదర్శకమైన పొరను, వేసిన కొత్తలో అద్దంలానే ఉంటుంది. కొన్ని నెలలు గడిచేసరికి పైపొర ఊడడం మొదలవుతుంది, పుండు పడుతుంది, అంచుల నుంచి రక్తనాళాలు లోపలికి వస్తాయి, పాత పువ్వే మళ్లీ పూస్తుంది. దాత కార్నియాలో లోపం లేదు, సర్జన్ వేసిన కుట్లలోనూ లేదు. కాలిపోయిన భాగం ఒకటైతే మార్చింది ఇంకొకటి. అంతే.

ఈ ఒక్క వైఫల్యాన్ని సరిగా అర్థం చేసుకుంటే, మూలకణ (కొత్త కణాలను పుట్టిస్తూ ఉండే కణాల) వైద్యం పేరుతో వినిపించే మాటల్లో సగాన్ని జల్లెడ పట్టొచ్చని నా నమ్మకం. ఎన్ని లక్షల కణాలు ఎక్కించారు, ఏ యంత్రంలో పెంచారు అని అందరూ అడుగుతారు. ఆ కణాలు వెళ్లి ఎక్కడ కాపురం పెడతాయి, అక్కడ వాటిని ఎవరు పోషిస్తారు అని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో మొదట అడగాల్సింది రెండోదే. అందుకు నాకు దొరికిన గట్టి సాక్ష్యం హైదరాబాదులోని ఒక ఆపరేషన్ థియేటర్‌లో ఉంది.

ముందు పొలం సంగతి, అంటే కణాలు కాపురముండే కంటి సంగతి చూద్దాం. కార్నియా మధ్యలో మందం అర మిల్లీమీటరు పైచిలుకు. దాని మీద 50 మైక్రాన్ల పైపొర, అయిదారు వరుసల కణాలు. చూపు స్పష్టంగా ఉండాలంటే ఈ పొర నున్నగా ఉండాలి, రక్తనాళాలు దాని దరిదాపులకు రాకూడదు. రెప్ప కొట్టిన ప్రతిసారీ పై వరుస కొంచెం కొంచెం రాలిపోతూనే ఉంటుంది. వారం పది రోజుల్లో పొర మొత్తం కొత్తదవుతుంది. ఈ కొత్త కణాల్లో ఎక్కువ భాగం వచ్చేది నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచు నుంచి. దాన్నే లింబస్ అంటారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీ, కన్ను చుట్టూ చిన్న గట్టులాగా. మూలకణాలు ఆ గట్టు అడుగున మడతల్లో దాక్కుని ఉంటాయి. అక్కడ పుట్టిన పిల్ల కణాలు మధ్యకు నడుస్తాయి, నడుస్తూనే పైకెక్కుతాయి, చివరికి రాలిపోతాయి. 1983లో థాఫ్ట్, ఫ్రెండ్ అనే ఇద్దరు దీన్ని కూడిక లెక్కగా రాశారు: అడుగున పుట్టేవి, అంచు నుంచి వచ్చేవి కలిపితే పైన రాలిపోయేవాటికి సమానం కావాలి. ఇందులో అంచు నుంచి వచ్చేవి సున్నా అయితే కార్నియా కొద్ది నెలల్లో దివాలా తీస్తుంది.

మూలకణాలు లింబస్‌లోనే ఉంటాయని తేలింది ఎలాగంటే, 1986లో న్యూయార్క్‌లో సన్ బృందం కే3 అనే కెరటిన్ ప్రోటీన్ కోసం వెతికింది. ముదిరిన కార్నియా కణానికి అది గుర్తు. కార్నియా అంతటా అన్ని వరుసల్లోనూ కనిపించింది. లింబస్‌లో మాత్రం పై వరుసల్లోనే ఉంది, అడుగు వరుసలో లేదు. అంటే అడుగున ఉన్నవి ఇంకా ముదరని లేత కణాలు. 1989లో ఎలుకల్లో ఇంకో పరీక్ష చేశారు. విభజన జరిగే కణాల డీఎన్ఏలోకి రేడియోధార్మిక థైమిడిన్ ఎక్కించి వారాల తరబడి ఆగారు. గబగబా విభజన చెందే కణాల్లో ఆ గుర్తు పలచబడి మాయమైంది. తీరిగ్గా, అరుదుగా విభజన చెందే కణాల్లో మిగిలిపోయింది. మిగిలినవి లింబస్‌లోనే కనిపించాయి.

లింబస్‌కు ఇంకో పని కూడా ఉంది, అది గట్టు పని. తెల్లగుడ్డును కప్పే కంజంక్టైవా పొర గరిక లాంటిది, సందు దొరికితే చాలు పాకుతుంది. లింబస్ బతికున్నంతకాలం దాన్ని అవతలే ఆపుతుంది. లింబస్ చచ్చిపోతే కంజంక్టైవా తన రక్తనాళాలనూ జిగురు కణాలనూ వెంటేసుకుని కార్నియా మీదికి వస్తుంది. పువ్వు అని మనం పిలిచేదానిలో ఎక్కువ భాగం ఈ గరికే. పరీక్ష చేసేటప్పుడు ఒక చిన్న నైట్రోసెల్యులోజ్ కాగితం ముక్కను కార్నియా మీద అద్ది తీసి రంగు వేస్తారు. జిగురు ఊరే గాబ్లెట్ కణాలు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు. ఆ కణాలకు కార్నియా మీద పనే లేదు.

ఇప్పుడు కార్నియా మార్పిడి ఎందుకు నిలవలేదో చెప్పడం తేలిక. దాత కంటి నుంచి మధ్యలోని ఏడున్నర, ఎనిమిది మిల్లీమీటర్ల బిళ్లను మాత్రమే కోసి అతికిస్తారు. అందులో లింబస్ ఉండదు. దాత కణాలు కొన్నాళ్లు ఉండి రాలిపోతాయి, వాటి స్థానంలోకి రావాల్సినవి రావు. పంట కోసుకొచ్చి ఎండిన మడిలో నిలబెట్టినట్టు.

దీనికి మొదటి పెద్ద జవాబు 1989లో అమెరికాలో కెన్యన్, సెంగ్ ఇచ్చారు. ఒక కన్నే కాలితే, బాగున్న రెండో కంటి లింబస్‌ను కొంత కోసి ఇటు అతికించారు. పని చేసింది. కానీ కంటి చుట్టుకొలతను గడియారంలా 12 గంటలుగా చూస్తే, ఈ పద్ధతిలో నాలుగు నుంచి ఆరు గంటల మేర కోయాలి. రోగికి మిగిలిన ఏకైక మంచి కన్ను అది. దాని గట్టులో మూడో వంతో సగమో తీసుకుపోవడమంటే సర్జన్ చెయ్యి వణకాల్సిందే.

రెండో జవాబు 1997లో ఇటలీ నుంచి వచ్చింది. పెల్లెగ్రీని బృందం ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, ల్యాబులో పెంచి, పలుచని కణాల పొరగా మార్చి ఇద్దరు రోగులకు వేసింది. కణాలకు తోడుగా అడుగున ఎలుక ఫైబ్రోబ్లాస్టులను (కణజాలానికి ఆధారమిచ్చే కణాలను), రేడియేషన్‌తో విభజన ఆపేసి, పరిచారు. ఈ దారిలోనే పోయి 2015 ఫిబ్రవరిలో యూరప్‌లో హోలోక్లార్ అనే ఉత్పత్తికి షరతులతో అనుమతి వచ్చింది. మూలకణాల ఆధారంగా అక్కడ అనుమతి పొందిన మొదటి మందు అదే.

హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ 2001 నుంచే ఇలాంటి పనిలో ఉంది, కాకపోతే ఎలుక కణాలు లేకుండా. ముక్కను ఉమ్మనీటి సంచి లోపొర మీద పరిచి, రోగి రక్తం నుంచే తీసిన సీరం పోసి, పది పద్నాలుగు రోజులు పెంచేవారు. 2011లో 200 మంది ఫలితాలు ప్రచురించారు. సగటున మూడేళ్లు గమనించాక 71 శాతం కళ్లలో పైపొర నిలిచింది. ఎవరైనా సంతోషించే అంకె. కానీ ఆ పద్నాలుగు రోజుల వెనక ఉన్న ఖర్చు చూడండి: శుభ్రమైన గాలి గదులు, 37 డిగ్రీల ఇన్‌క్యుబేటర్లు, కణాలకు తిండి అయిన మాధ్యమం ద్రవాన్ని రోజూ మార్చే మనుషులు, ఒక్క బూజు కణం పడితే మొత్తం పారేయడం. రోగి రెండుసార్లు రావాలి, చిన్నపిల్లలకైతే రెండుసార్లు మత్తు ఇవ్వాలి. ఇది మహబూబ్‌నగర్‌కో శ్రీకాకుళానికో పోయే పద్ధతి కాదు.

అప్పుడు అదే సంస్థలో వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు, డి. బాలసుబ్రమణియన్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం నుంచి షీలా మెక్‌నీల్ కలిసి ఒక పనికి తెగించారు. ల్యాబును మధ్యలోంచి తీసేశారు. 2012లో ఆరుగురు రోగులతో దాన్ని ప్రచురించారు. పేరు స్లెట్, అంటే సింపుల్ లింబల్ ఎపిథీలియల్ ట్రాన్స్‌ప్లాంటేషన్. వాళ్ల ఆలోచన వరి రైతుకు చెబితే ఆశ్చర్యపోడు: నారుమడి వేరే ఎక్కడో ఎందుకు? నాటాల్సిన మడిలోనే ముక్కలు ముక్కలుగా పెట్టండి, అవే అల్లుకుంటాయి.

పని ఎలా జరుగుతుందో కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే గెలుపోటములు చేతిపనిలోనే ఉన్నాయి. మొదట కాలిన కంటి అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల అవతల కంజంక్టైవాను చుట్టూ కోసి, కార్నియాను కప్పిన కండపొరను ఒలిచేస్తారు. రక్తం వస్తుంది. అడ్రినలిన్ చుక్కలతో, తప్పనిసరైతే కొద్దిపాటి కాటరీతో ఆపాలి. ఎక్కువ కాలిస్తే మడే మాడిపోతుంది, తక్కువైతే రక్తం కింద గడ్డకట్టి పైన అతికించినవన్నీ లేచొస్తాయి. ఈ ఒక్కచోట తొందరపడితే మిగతాదంతా వృథా. తర్వాత ఉమ్మనీటి సంచి పొర పరవాలి. సిజేరియన్ కాన్పుల్లో, హెచ్ఐవీ, హెపటైటిస్ వంటి పరీక్షలు చేసిన తల్లుల నుంచి సేకరించి, కడిగి, మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచి ఉంచిన పొర అది. దాన్ని ఫైబ్రిన్ జిగురుతో అంటించి అంచులను కంజంక్టైవా కిందికి దోపుతారు. ఈ జిగురు రెండు సీసాల సరుకు: ఒకదానిలో ఫైబ్రినోజెన్, ఇంకోదానిలో థ్రాంబిన్. రెండూ కలిస్తే రక్తం గడ్డకట్టే ఆఖరి మెట్టు కంటి మీదే జరుగుతుంది. సూదీ దారమూ అవసరం పడదు.

బాగున్న కంటి నుంచి తీసేది రెండు బై రెండు మిల్లీమీటర్ల ముక్క. కార్నియా చుట్టుకొలత సుమారు 36 మిల్లీమీటర్లు, అంటే గడియారంలో ఒక గంట మూడు మిల్లీమీటర్లు. తీసేది ఒక గంట కూడా కాదు. కోత కంజంక్టైవా వైపు మొదలుపెట్టి, పలుచగా, తేటగా కనిపించే కార్నియాలోకి ఒక మిల్లీమీటరు దాకా పోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పేది ఇక్కడే. భయపడి వెనకే ఆపేస్తే చేతికొచ్చేది కంజంక్టైవా ముక్క, లింబస్ కాదు. చూడ్డానికి రెండూ ఒకలానే ఉంటాయి. నారనుకుని గరిక నాటినట్టవుతుంది, ఫలితం ఆరు వారాలకు గానీ బయటపడదు.

ఆ ముక్కను సన్నటి కత్తెరతో ఎనిమిది, పది తునకలు చేస్తారు. ఎందుకు తునకలు? లెక్క వేసి చూడండి. రెండు మిల్లీమీటర్ల చదరానికి అంచు పొడవు మొత్తం ఎనిమిది మిల్లీమీటర్లు. దాన్నే తొమ్మిది సమాన చదరాలు చేస్తే ఒక్కోదాని అంచు 2.67, మొత్తం 24. కణాలు బయటికి నడిచేది అంచు నుంచే కాబట్టి కోయడంతోనే బయల్దేరే దారి మూడింతలైంది. పైగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల సరుకుతో వంద చదరపు మిల్లీమీటర్లకు పైగా ఉన్న కార్నియాను కప్పాలి. ఒకే ముక్కగా ఓ మూల పెడితే కణాలు పది మిల్లీమీటర్లు నడవాలి. పరిచి పెడితే ఒక్కోటి రెండు మిల్లీమీటర్లు నడిస్తే పక్కదాన్ని కలుస్తుంది.

తునకల పైవైపు పైకే ఉండాలి, బోర్లా పడితే ఆ తునక పోయినట్టే. నడిమధ్య చూపు దారిని వదిలేసి చుట్టూ వలయంగా పేర్చి, ఒక్కోదాని మీద చుక్క జిగురు వేసి, చివర్లో మెత్తటి కాంటాక్ట్ లెన్స్ కప్పుతారు. తర్వాత యాంటీబయాటిక్ చుక్కలు, స్టెరాయిడ్ చుక్కలు వారాల పాటు తగ్గించుకుంటూ. పైపొర లేని చోట మాత్రమే పట్టే ఫ్లోరెసిన్ రంగు వేసి చూస్తే ఒక్కో తునక చుట్టూ రంగు పట్టని వలయం పెరుగుతూ పోవడం కనిపిస్తుంది, ఆ వలయాలు కలిసిపోతాయి. మొదటి ఆరుగురిలోనూ ఆరు వారాలకు రక్తనాళాలు లేని నిలకడైన పొర వచ్చింది.

2016లో అదే బృందం 125 మంది ఫలితాలు చెప్పింది. అందులో 60 మంది పిల్లలు. సగం మందిని ఒకటిన్నర ఏడాదికి పైగా గమనించారు, 76 శాతం గెలుపు. ఇటలీలో ల్యాబు పద్ధతితో 2010లో వచ్చిన అంకె 112 మందిలో 76.6 శాతం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారా సమానం అని చప్పట్లు కొట్టడం తప్పు. ఇటలీవాళ్లు కొందరిని పదేళ్ల దాకా వెంబడించారు. గెలుపు అన్న మాటకు నిర్వచనాలూ ఒకటి కావు. నేను ఇక్కడ ఒప్పుకునేది ఇంతవరకే: ల్యాబు తీసేసినందుకు కొంప మునగలేదు.

ల్యాబులోనే పెంచాలనే ఎదుటి పక్షం దగ్గర ఒక బలమైన మాట ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఆ 2010 ఇటలీ అధ్యయనంలోనే పెంచిన కణాల్లో మూలకణాలకు గుర్తుగా చూసే పీ63 అనే ప్రోటీన్ మెరుపుగా కనిపించే కణాలను లెక్కపెట్టారు. కాలనీలు కట్టగల కణాల్లో అవి 3 శాతం మించితే 78 శాతం మందిలో గెలుపు, మించకపోతే 11 శాతమే. అంటే ల్యాబులో నారు బాగుందో లేదో ముందే చూసి, బాగోలేకపోతే ఆపరేషన్ ఆపొచ్చు. స్లెట్‌లో ఆ అవకాశం లేదు, పెట్టాకే తెలుస్తుంది. నిజమే. కాకపోతే ఆ 3 శాతం సమస్య పుట్టడానికి పెంపకానికీ సంబంధముంది. ప్లాస్టిక్ గిన్నెలో గబగబా విభజన చెందమని తరిమితే మూలకణాలు ముదిరిపోయే ముప్పు ఎప్పుడూ ఉంటుంది. స్లెట్ తునక కణాలను ఒంటరిగా తీసుకురాదు. కింద ఉన్న స్ట్రోమా (పైపొరను మోసే కణజాలం) ముక్క, పక్కన ఎండకు గొడుగు పట్టే మెలనిన్ కణాలు, అన్నీ వేళ్లకు అంటుకున్న మట్టిలా వస్తాయి. నా వాదనకు ఆయువుపట్టు ఇదే. కణాన్ని దాని ఇరుగుపొరుగుతో సహా కదిలించండి, లెక్కపెట్టే యంత్రం లేకపోయినా పని నడుస్తుంది.

చోటు బాగోలేకపోతే ఏ పద్ధతీ నిలవదనడానికి ఓడిన కళ్లే రుజువు. 125 మందిలో ఓటమితో ముడిపడ్డవి చూస్తే: రెప్ప లోపలివైపు గుడ్డుకు బలంగా అతుక్కుపోవడం, తునకలు రాలిపోవడం, ఒకేసారి కార్నియా మార్పిడి కూడా చేయడం, యాసిడ్ గాయం. ఆఖరిది కొంచెం వింతే, ఎందుకంటే క్షారం కంటే యాసిడ్ మెతకదని పాఠాల్లో చదువుకుంటాం. అందుకే స్లెట్‌కు ముందు లోపలికి తిరిగిన రెప్పను సరిచేయాలి, గుచ్చుకునే వెంట్రుకలు తీయాలి, మంట పూర్తిగా చల్లారేదాకా నెలల తరబడి ఆగాలి. కన్నీరు ఊరని కంటిలో నాటడం నీళ్లు లేని మడిలో నాటడమే. మందు పడక వచ్చే స్టీవెన్స్ జాన్సన్ జబ్బులో రెండు కళ్లూ పోతాయి, కన్నీరూ ఎండుతుంది, వాళ్లకు ఇది సరిపడదు. ఇవేవీ కణాల లోపాలు కావు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2017లో అమెరికాలో ప్రచురితమైన ఒక నివేదికలో ముగ్గురు ముసలి ఆడవాళ్ల కథ ఉంది. రెటీనా మధ్యభాగం క్షీణించే జబ్బుకు ఫ్లోరిడాలోని ఒక క్లినిక్‌లో వాళ్ల పొట్ట కొవ్వులోంచి తీసిన కణాలను మూలకణాలని చెప్పి, రెండు కళ్లలోకీ ఒకే రోజు సూదితో ఎక్కించారు. ముగ్గురికీ చూపు దారుణంగా పడిపోయింది. కొవ్వు కణం రెటీనాలో ఎక్కడ కుదురుకుంటుంది, దేనిగా మారుతుంది, దానికి తిండి పెట్టేదెవరు? ఒక్క ప్రశ్నకూ జవాబు లేకుండా లక్షల కణాలు గుడ్డులోకి పోశారు. మోకాలికీ, వెన్నుకూ, మధుమేహానికీ మూలకణాలంటూ మన ఊళ్లలో బోర్డులు పెట్టేవాళ్లను కూడా ఇదే అడగండి. కణాల సంఖ్య చెప్పి ఊరుకుంటే లేచి వచ్చేయండి.

ఇంత చెప్పాక మొదటి అరగంట సంగతి చెప్పకపోతే అన్యాయం. లింబస్ చావడం మొదలయ్యేది సున్నం పడ్డ నిమిషంలోనే. తడి సున్నం పీహెచ్ 12 దాటి ఉంటుంది. క్షారం కణం పొరలోని కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగుతుంది, రెప్ప మడతలో ఇరుక్కున్న గడ్డ గంటల తరబడి దాన్ని ఊరిస్తూనే ఉంటుంది. చనుబాలు, ఆముదం, నెయ్యి వద్దు. విరుగుడని నిమ్మరసమో వెనిగరో అసలే వద్దు. దగ్గరున్న శుభ్రమైన నీళ్లు, కుళాయి నీళ్లయినా సరే, రెప్పలు బలవంతంగా తెరిచి పట్టుకుని ధారగా పోస్తూనే ఉండాలి. పిల్లవాడు గింజుకుంటాడు, దుప్పటిలో చుట్టి పట్టుకోండి. ఆసుపత్రిలో అయితే తిమ్మిరి చుక్కలు వేసి, సెలైన్ గానీ రింగర్ లాక్టేట్ గానీ గొట్టంతో కనీసం అరగంట. పై రెప్పను తిరగేసి, మళ్లీ దాని లోపలి మడతనూ తిరగేసి, తడి దూదిపుల్లతో సున్నం ముక్కలు తీయాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ రెండో తిరగేతనే. తర్వాత అయిదు నిమిషాలు ఆగి, పీహెచ్ కాగితాన్ని కింది రెప్ప లోపల ఆనించి చూడాలి. ఏడు, ఏడున్నర మధ్య ఉంటే సరే. ఎనిమిది చూపిస్తే ఇంకా ఎక్కడో ముక్క మిగిలిందన్నమాట, ఇంకో సీసా తగిలించి రెప్ప మళ్లీ తిరగేయాలి.